బీరువాలో సల్ఫైడ్ డబ్బా

2022 జూన్. విశాఖ మద్దిలపాలెం బస్సు డిపో వెనక సందులో, ఒక పాత మేడ పై అంతస్తులో నా డార్క్‌రూమ్. ఇప్పటికీ అక్కడే ఉంది. డార్క్‌రూమ్ అంటే ఫిల్ము కడిగి, నలుపు తెలుపు ఫొటోలు కాగితం మీదకి దించే చీకటి గది. కిటికీలకి నల్ల రెగ్జిన్, లోపల ఒక ఎర్ర బల్బు, బొమ్మని పెద్దది చేసే ఎన్‌లార్జరు ఒకటి, నాలుగు ట్రేలు, ఎప్పుడూ సరిగ్గా రాని ఒక కుళాయి. ఇదే నా ఆస్తి.

నేను ఈ పనిలోకి వచ్చింది స్పాటింగ్ అమ్మాయిగా. దుమ్ము వల్ల ఫొటో మీద పడే తెల్ల చుక్కల్ని సన్న కుంచెతో పూడ్చడాన్ని స్పాటింగ్ అంటారు. నాకు పని నేర్పిన స్టూడియో మూతపడింది. దాని తర్వాత వచ్చిన కలర్ ల్యాబులు కూడా మూతపడ్డాయి. నేను మాత్రం ఎందుకో మిగిలాను. ఈ మధ్య కుర్రకారు మళ్ళీ ఫిల్ము కెమెరాలు పట్టుకున్నారు కాబట్టి ఆదివారాలు క్లాసు చెబుతున్నాను. "ఇంకా ఇది ఎవరు చేయించుకుంటారండీ?" అని అడిగేవాళ్ళకి జవాబు చెప్పడం మానేశాను.

ఆ జూన్ బ్యాచిలో ఆరుగురు చేరారు. ఐదుగురు పాతికేళ్ళ లోపు వాళ్ళు. ఆరో ఆయన రామ్మోహనరావు గారు. స్టీల్ ప్లాంటులో రిటైరై పెందుర్తిలో ఇల్లు కట్టుకున్నారు. సొంతూరు కృష్ణా జిల్లా. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న ఫిల్ము కెమెరా, దానితో తీసిన నెగటివులు ఒక పెట్టెడు ఉన్నాయి ఆయన దగ్గర. పెళ్ళైన కొత్తలో భార్యవి, పిల్లలవి, క్వార్టర్స్ కట్టేటప్పటివి. అవన్నీ స్వయంగా ప్రింట్లు వేసుకోవాలని కోరిక. అంతవరకూ ముచ్చటగానే ఉంది.

కానీ మనిషి మాత్రం నా ఓపికకి పరీక్ష. నేను ఒక మాట చెప్పేలోపు "నాకు తెలుసు మేడమ్" అనేవారు. ప్లాంటులో ముప్పై ఏళ్ళు కొలిమి పక్కన పనిచేసిన మనిషికి, కాగితం మీదకి బొమ్మని రప్పించే డెవలపర్ ట్రే ఒక లెక్కా అన్నట్టు ఉండేది ఆయన వరస. ఆ మందు ఇరవై డిగ్రీలు ఉండాలంటే ఇరవై నాలుగైతే ఏమవుతుందని వాదించేవారు. గ్లవ్స్ వేసుకోమంటే చెయ్యి చూపించి "ఇది ఇనుము మేడమ్" అనేవారు. మిగతా పిల్లలు నవ్వేవారు. నాకు నవ్వు వచ్చేది కాదు.

నాలుగో ఆదివారం టోనింగ్ చెప్పాను. అప్పటినుంచి మొదలైంది అసలు గొడవ.

టోనింగ్ అంటే నలుపు తెలుపు ఫొటో రంగుని మార్చడం. పాత ఫొటోల్లో కనిపించే గోధుమ రంగుని సెపియా అంటారు. దానికి రెండు మెట్లుంటాయి. మొదట బ్లీచ్ అనే ద్రావణంలో ఫొటోని ముంచితే బొమ్మ వెలిసిపోయి దాదాపు మాయమవుతుంది. బాగా కడిగి, సోడియం సల్ఫైడ్ నీళ్ళలో వేస్తే అదే బొమ్మ గోధుమ రంగులో తిరిగొస్తుంది. ఫొటోలో నలుపుగా కనిపించేది నిజానికి సన్నటి వెండి రేణువులు. సల్ఫైడ్ ఆ వెండిని పట్టుకుని రంగు మారుస్తుంది. ఈ మాట నేను ప్రతి బ్యాచికీ చెబుతాను. చెప్పడం వేరు, అవసరమైనప్పుడు గుర్తుకి రావడం వేరు అని ఆ ఏడాదే తెలిసింది.

సోడియం సల్ఫైడ్ పసుపుపచ్చ పెచ్చుల్లా ఉంటుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. గాల్లో తేమ తగిలితే చెమర్చి, కరిగి, ఆ వాసన గల వాయువుని వదులుతూనే ఉంటుంది. మన విశాఖ గాలిలో తేమకి కరువా? ఉప్పు డబ్బాలో ఉప్పే నీరైపోతుంది. పైగా ఆ వాయువు విషం. అందుకే నా దగ్గర సల్ఫైడ్ ఎప్పుడూ గదిలో ఉండదు. రబ్బరు బిరడా ఉన్న ముదురు గాజు సీసాలో పెట్టి, ఆ సీసాని రేకు పెట్టెలో పెట్టి, మేడ మీద నీళ్ళ ట్యాంకు నీడన ఉంచుతాను. టోనింగ్ చేసేది కూడా అక్కడే, గాలి వాటం చూసుకుని. ఆమ్లాలు దాని దరిదాపుల్లో ఉండకూడదు. ఆమ్లం చుక్క పడితే వాయువు ఒక్కసారిగా ఎగదన్నుతుంది. ఫొటో కాగితాలు, ఫిల్ములు కూడా దగ్గర్లో ఉండకూడదు. ఆ ఆవిరికి అవి వెలుగు తగలకుండానే పాడైపోతాయి. దాన్ని ఫాగ్ అంటాం, తెల్లగా ఉండాల్సిన చోట బూడిద రంగు ముసురుకోవడం.

ఇదంతా చెప్పాను. రామ్మోహనరావు గారు నోటుబుక్కులో రాసుకున్నారు కూడా. రాసుకుని, మర్నాటినుంచి సల్ఫైడ్ ఇమ్మని వెంటపడ్డారు. ఇంట్లో వెనక బాత్‌రూమ్‌ని డార్క్‌రూమ్ చేసేశారట. వాసన లేని టోనర్లు దొరుకుతాయి, తెప్పిస్తాను, నెల ఆగండి అన్నాను. వినలేదు. రోజుకి రెండు ఫోన్లు. చివరికి ఒక బుధవారం, నేను పెళ్ళి ఆల్బమ్ ప్రింట్లు ఆరబెట్టుకుంటుంటే ఖాళీ చేతులతో వచ్చి నిలబడ్డారు.

"గాజు సీసా తెచ్చుకోమన్నాను కదండీ?"

"ఇంటికెళ్ళి మార్చుకుంటాను మేడమ్. నాకు తెలుసు కదా."

ఆయన్ని పంపించేస్తే చాలనిపించింది. నిజం చెప్పాలంటే అంతే. పావుకిలో పెచ్చులు ఒక ప్లాస్టిక్ పచ్చడి డబ్బాలో పోసి, మూత బిగించి, పాలిథిన్ సంచిలో చుట్టి ఇచ్చేశాను. "ఇంటి బయట పెట్టండి, గాజులోకి మార్చండి" అని గుమ్మం దాకా వెళ్ళి చెప్పాను. ఆయన అప్పటికే మెట్లు దిగిపోతున్నారు.

ఆగస్టులో ఫోనొచ్చింది. "మేడమ్, మీరిప్పించిన కాగితం చెడిపోయింది."

ఆయన వాడే ఫొటో పేపరు నా ద్వారానే తెప్పించుకున్నారు. రెండు ప్యాకెట్లు. నా ప్యాకెట్లతో పాటే వచ్చాయి, ఒకే లాటు. నా దగ్గర పాలలా తెల్లగా వస్తున్నాయి. ఆయన దగ్గర అంచులన్నీ మురికిగా, పొగచూరినట్టు వస్తున్నాయట. వాట్సాప్‌లో రోజుకి పది ఫొటోలు పంపేవారు. ఎర్ర బల్బు మార్చమన్నాను, మార్చారు. తలుపు సందులో గుడ్డ కుక్కమన్నాను, కుక్కారు. డెవలపరు కొత్తది కలపమన్నాను, కలిపారు. అయినా అంతే. ప్రతి ఫోనూ ఒకే మాటతో ముగిసేది: "కాగితమే మేడమ్. మిమ్మల్ని ఎవరో మోసం చేశారు."

"సల్ఫైడ్ ఎక్కడ పెట్టారు?" అని అడిగాను.

"భద్రంగా ఉంది మేడమ్. తాళం వేసి."

తాళం వేశానంటే నేను ఇంకో మాట అడగలేదు. ఎక్కడ తాళం, దేనికి తాళం అని అడిగి ఉండాల్సింది.

శ్రావణ మాసం చివర్లో ఒకరోజు ప్యాకెట్లు పట్టుకుని స్వయంగా వచ్చారు. నా ఎదురుగా టెస్ట్ చేశాం. కాగితం నిజంగానే పాడైపోయింది. వెలుగు అసలు చూపించకుండా డెవలపర్లో వేసినా బూడిద రంగు వచ్చింది. "చూశారా!" అన్నారు, ఏదో గెలిచినట్టు. నా ప్యాకెట్లోంచి ఒకటి తీసి వేస్తే తెల్లగా వచ్చింది. దానికీ ఒప్పుకోలేదు. గంటసేపు వాదన. నా గొంతు కూడా లేచింది.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అన్నారు: "అసలు ఈ ఏడాదే బాలేదు మేడమ్. ఇంట్లో ఆవిడకి ఎప్పుడూ తలనొప్పి, కళ్ళమంట. మొన్న వరలక్ష్మీవ్రతానికి వెండి సామాను తీస్తే మొత్తం నల్లగా మాడిపోయి ఉంది. పనిమనిషి మార్చేసింది. తొమ్మిదేళ్ళు నమ్మాం. మానిపించేశాం."

"అయ్యో" అన్నాను. ఆయన వెళ్ళిపోతే చాలని ఎదురుచూస్తున్నదాన్ని, ఆ మాటల్లో ఒక్కటీ నా చెవికెక్కలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఒక ఆర్డరుకి సెపియా చేయాల్సి వచ్చింది. మేడ మీద ట్రేలు పరుచుకుని, సల్ఫైడ్ సీసా తీసి కొలుస్తున్నాను. ఎండకి కాళ్ళు కాలుతున్నాయని నీడలోకి జరిగి కిందికి చూసుకున్నాను. నా మెట్టెలు. టోనింగ్ పని తగిలిన ప్రతిసారీ అవి నల్లబడతాయి. ఇంటికెళ్ళి పళ్ళపొడితో రుద్దుకోవడం నాకు అలవాటు. ఎంత అలవాటంటే, అది ఒక విషయమని కూడా ఎప్పుడూ అనుకోలేదు.

వెండి నల్లబడింది అన్నారాయన. కాగితం పొగచూరింది. ఆవిడకి తలనొప్పి. తాళం వేసి భద్రంగా ఉంది.

ట్రేలు అక్కడే వదిలేసి ఫోన్ చేశాను. "రామ్మోహనరావు గారూ, సల్ఫైడ్ ఏ గదిలో ఉంది?"

"బెడ్‌రూములో బీరువాలో మేడమ్. పిల్లలొస్తే ముట్టుకుంటారని."

కిటికీలు తెరవండి, బీరువా ముట్టుకోకండి, వస్తున్నాను అని పెట్టేశాను. ఖాళీ గాజు సీసా, గ్లవ్స్, మాస్కు సంచిలో వేసుకుని స్కూటీ మీద పెందుర్తి వెళ్ళాను. దారి పొడుగునా ఆయన్ని తిడుతూనే ఉన్నాను. ఎన్‌ఏడీ జంక్షను దాటేసరికి నన్ను నేను కూడా తిట్టుకోవడం మొదలైంది.

ఇల్లు శుభ్రంగా ఉంది. తలుపు తీసింది ఆయన భార్య కృష్ణవేణి గారు. నుదుటికి నొప్పి బామ్ రాసుకుని ఉన్నారు. బెడ్‌రూములో అడుగు పెట్టగానే నాకు వాసన తెలిసింది. "మురుక్కాల్వ వాసనండీ, వానాకాలం కదా" అన్నారావిడ. రెండు నెలలుగా అదే గదిలో పడుకుంటున్నారు. అలవాటైతే ముక్కుకి ఆ వాసన తెలియడం మానేస్తుంది. దాంతో అసలు ప్రమాదం అదే.

మాస్కు పెట్టుకుని బీరువా తెరిచాను. పై అరలో ఫొటో పేపరు. మధ్య అరలో పట్టుచీరల పక్కన పాలిథిన్ సంచి. అందులో నేనిచ్చిన పచ్చడి డబ్బా. గాజులోకి మార్చనేలేదు. మూత పగిలి, పెచ్చులు సగం కరిగి జిగురులా మూత చుట్టూ కారి ఉన్నాయి. దాన్ని ఆనుకునే గ్లేసియల్ ఎసిటిక్ ఆసిడ్ సీసా. డెవలపర్ పనిని ఆపే స్టాప్ బాత్‌కి వాడే ఘాటైన ఆమ్లం అది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టకూడదని ఆయన నోటుబుక్కులో ఆయన చేతిరాతతోనే ఉంది. ఎవరైనా చీర తీస్తుంటే ఆ సీసా దొర్లి ఒలికి ఉంటే ఆ గదిలో ఉన్నవాళ్ళు బయటికి వచ్చేవాళ్ళు కాదు. కింద లాకర్లో వెండి.

డబ్బాని పెరట్లోకి తీసుకెళ్ళాక, కృష్ణవేణి గారిని వెండి చూపించమన్నాను. కంచాలు, గ్లాసులు, కుందులు, కుంకుమ భరిణె, మనవరాలి గజ్జెలు. అన్నీ నీలం మెరుపుతో కూడిన నలుపు.

"ఉగాదికి మా పనిమనిషి పైడమ్మే తోమిందండీ" అన్నారావిడ. "పెరట్లో గంటసేపు కూర్చుని తోమింది. అప్పుడే మార్చేసింది. పూత పూసినవి పెట్టింది, ఆ పూత పోయి నలుపు బయటపడింది. మా పక్కింటావిడ చూసి వెండి కాదని చెప్పేసింది కూడా."

"అది వెండేనండీ. వెండి కాబట్టే నల్లబడింది" అన్నాను. జరిగింది చెప్పాను.

రామ్మోహనరావు గారు వెంటనే అందుకున్నారు. "అదెలా మేడమ్? డబ్బా మూత బిగించే ఉంది. లాకరు వేరు. మధ్యలో ఇనుప రేకు ఉంది."

"రేకులకి సందులుండవా? మీ కాగితం ఎందుకు పాడైంది మరి?"

"కాగితం సంగతి వేరు."

ఇక మాటలతో కాదనిపించింది. ఇంట్లో మెరుస్తున్న వెండి ఏదైనా ఉందా అని అడిగాను. దేవుడి గదిలో ఒక వెండి నాణెం ఉంది. ఏదో పెళ్ళిలో ఇచ్చినది, కవరు కూడా తీయలేదు. దాన్ని తడిగుడ్డతో తుడిచి, పెరట్లో ఒక పాత ప్లాస్టిక్ టబ్బులో సల్ఫైడ్ డబ్బా పక్కన పెట్టి, పైన పళ్ళెం బోర్లించాను. దూరంగా వరండాలో కూర్చున్నాం. కృష్ణవేణి గారు కాఫీ ఇచ్చారు. ఆయన ఆ ఇరవై నిమిషాలూ తనకి ప్లాంటులో గ్యాస్ సేఫ్టీ ట్రైనింగ్ ఇచ్చిన సంగతి చెప్పారు. నేను వింటూ కూర్చున్నాను. నా ఓపిక సంగతి అప్పటికి నాకే అర్థం కాకుండా పోయింది.

పళ్ళెం తీసి చూస్తే నాణెం తేనె రంగులోకి తిరిగి, అంచుల దగ్గర నీలం కడుతోంది. కృష్ణవేణి గారు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

తర్వాత ఒక బేసిన్లో వంటింటి అల్యూమినియం ఫాయిల్ పరిచి, మరిగే నీళ్ళు పోసి, ఉప్పు, వంటసోడా వేసి, కుంకుమ భరిణెని దానిలో ఫాయిల్‌కి తగిలేలా ఉంచాను. ఐదు నిమిషాల్లో నలుపు విడిచిపోయింది. బయటికి తీసి తుడిస్తే వెన్నెల్లా తెల్లగా ఉంది. తిప్పి చూస్తే అడుగున చెక్కిన అక్షరాలు: కె. సీతమ్మ.

"మా అమ్మ" అన్నారు కృష్ణవేణి గారు.

"ఈ పేరు ఇంతకుముందు కనిపించలేదా అమ్మా?"

"కనిపించింది."

"మరి?"

ఆవిడ భరిణెని మళ్ళీ తుడవడం మొదలుపెట్టారు. ఆయనే చెప్పారు: "కొత్తదాని మీద పాత పేరు చెక్కించి తెచ్చిందనుకున్నాం మేడమ్."

నేను మిగతావి కూడా ఒక్కొక్కటీ తిప్పి చూశాను. ఒక మనిషి దొంగ అని ముందే తేల్చుకుంటే, ఆమె దొంగ కాదనే రుజువు కూడా దొంగతనంలో భాగమే అయిపోతుంది కాబోలు. పదకొండు వస్తువులు. పదకొండింటి మీదా పేర్లు. ఇళ్ళల్లో పనిచేసుకునే మనిషి పదకొండు నకిలీ సామాన్లు చేయించి, వాటి మీద ఒక్కో అక్షరం అదే చేతిరాతలో చెక్కించిందని ఈ చదువుకున్న దంపతులు నమ్మారు. వీధిలో అందరికీ చెప్పారు. ఆమె పనిచేసే ఇంకో రెండిళ్ళ వాళ్ళూ మానిపించారు.

"ఫోన్ చేసి రమ్మంటాను" అన్నారు రామ్మోహనరావు గారు.

"రమ్మనడం కాదండీ, మనం వెళ్దాం" అన్నాను. నా గొంతు ఎలా ఉందో గానీ ఆయన మొదటిసారి ఎదురు చెప్పలేదు.

పైడమ్మ ఇల్లు అక్కడికి కిలోమీటరు దూరం, రేకుల ఇల్లు. సాయంత్రం నాలుగైంది. ఆవిడ నిద్రలోంచి లేచి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. ఇళ్ళల్లో పనులు పోయాక ఫిషింగ్ హార్బర్లో చేపలు ఏరే పనికి వెళ్తోందట, తెల్లారకముందే షేర్ ఆటో పట్టుకుని. చేతులు ఐసుకి తెల్లగా పగిలి ఉన్నాయి. మమ్మల్ని చూసి గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రమ్మనలేదు.

రామ్మోహనరావు గారు గొంతు సవరించుకున్నారు. "పైడమ్మా, జరిగిందేంటంటే, సోడియం సల్ఫైడ్ అని ఒక రసాయనం. దానికి గాల్లో తేమ తగిలితే..."

"ఆపండి మీరు" అన్నాను.

కృష్ణవేణి గారు ముందుకొచ్చారు. "వెండి నువ్వు మార్చలేదు పైడమ్మా. ఆయన బీరువాలో పెట్టిన మందు వల్ల నల్లబడింది. తప్పు మాది."

పైడమ్మ ఆవిడ మొహంలోకి చూసింది. "నాను మార్సనేదని నాకు తెల్దేటమ్మా? ఆ సంగతి నాకు సెప్పడానికొచ్చినారేటి?"

పైడమ్మ మేం వచ్చిన దారి వైపు చెయ్యి చూపించింది.

"మీరెవురెవురికి సెప్పినారో ఆళ్ళకి సెప్పండి. టీచరమ్మకి సెప్పండి. ఆ మూల మేడాళ్ళకి సెప్పండి. కొట్టుకాడ బియ్యం తీసుకుంటంటే ఎనకాల నవ్వినారు, ఆళ్ళకి సెప్పండి."

"చెబుతాను. ఇవాళే చెబుతాను. నువ్వు మళ్ళీ పనికి రా పైడమ్మా."

"రానమ్మా." ఆ మాటలో కోపం కూడా లేదు. "తొమ్మిదేళ్ళు బీరువా తాళాలు నా సేతికిచ్చినారు. ఇంక నాను గిన్ని తోవినా మీరు సూత్తారు. మీరు సూత్తన్నారేటోనని నాను సూత్తంటాను. అలగ ఎవురు సేత్తారు పని?"

తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వెవురమ్మా?"

తప్పించుకోవడానికి దారి లేదు. "ఆ మందు డబ్బా ఈయనకి ఇచ్చింది నేనేనమ్మా. ఫొటోలు కడిగే పని నాది."

"ఇసపు మందా?"

"అవును."

"డబ్బా మీద ఏటి రాసినావు?"

నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ బుధవారం నేను దాని మీద ఏమీ రాయలేదు. పచ్చడి డబ్బా, పచ్చడి డబ్బాలాగే ఇచ్చేశాను. "ఏమీ రాయలేదు" అన్నాను.

"రాసుంటే ఈ యమ్మ సదివీది కదా. రోజూ బీరువా తీసీది ఈ యమ్మే. నాకైతే సదువు నేదు. పుర్రి బొమ్మేసుంటే నానైనా సెప్పీదాన్ని, అమ్మా ఇది ఇక్కడేటి ఎట్టినారని."

ఆయన్ని అడగలేదామె, నన్నడిగింది. అన్ని వారాలుగా నేను ఆయన మొండితనాన్ని తిట్టుకుంటూ గడిపాను. ఆ తిట్లలో సగం నాకు రావాల్సినవి.

తిరిగి వస్తుంటే రామ్మోహనరావు గారు వీధి గ్రూపులో వాట్సాప్ మెసేజ్ పెడతానన్నారు. కృష్ణవేణి గారు ఆయనకి జవాబివ్వకుండా, ఇంటికి రాకుండానే, నేరుగా టీచరమ్మగారి గేటు తీసుకుని లోపలికి వెళ్ళారు. నేను గేటు బయట నిలబడ్డాను. ఆ సాయంత్రం ఆవిడ ఐదిళ్ళు తిరిగారు, కిరాణా కొట్టుతో సహా. ప్రతిచోటా ఒకటే మాట: "పైడమ్మ ఏమీ చేయలేదు. మేమే పొరపాటుపడ్డాం." మూడో ఇంట్లో మంచినీళ్ళు అడిగి తాగారు. తర్వాత మిగతా రెండిళ్ళకీ వెళ్ళారు.

ఈలోపు నా పక్కన నిలబడి ఆయన మెల్లగా అడిగారు: "మేడమ్, ఆ కాగితం ప్యాకెట్లు ఇంక దేనికైనా పనికొస్తాయంటారా?"

నోటిదాకా వచ్చిన జవాబు చెప్పి ఉంటే ఆయన జన్మలో మళ్ళీ నా క్లాసుకి వచ్చి ఉండేవారు కాదు.

టీచరమ్మగారు పైడమ్మని మళ్ళీ పిలిచారు. మూల మేడ వాళ్ళు అప్పటికే వేరే మనిషిని పెట్టుకున్నారు. పెట్టుకున్న మనిషిని తీసేయడం న్యాయం కాదు కాబట్టి అక్కడ ఏమీ చేయలేకపోయాం. పైడమ్మ పొద్దున హార్బర్లో, మధ్యాహ్నం టీచరమ్మగారింట్లో కొన్నాళ్ళు రెండు పనులూ చేసింది. ఇంకో ఇల్లు దొరికాక హార్బర్ మానేసింది. రామ్మోహనరావు గారింటికి మాత్రం వెళ్ళలేదు. సల్ఫైడ్‌ని ఆ రోజే గాజు సీసాలోకి మార్చి నాతో తెచ్చేశాను. కృష్ణవేణి గారి తలనొప్పి పది రోజుల్లో పోయింది. వెండి ఆవిడే స్వయంగా కడుక్కున్నారు.

ఈ ఉదంతం తర్వాత నా పనిలో రెండు మార్పులు వచ్చాయి. సల్ఫైడ్ ఎవరికీ ఇంటికివ్వను. కావాలంటే నా మేడ మీదకి వచ్చి, నా ఎదురుగా టోనింగ్ చేసుకుని వెళ్ళాలి. ఇక మిగతా మందులు ఏవి ఇచ్చినా, ముందు ఎక్కడ పెడతారో ఫొటో తీసి పంపమంటాను. డబ్బా మీద తెలుగులో పెద్ద అక్షరాలతో పేరు, పక్కన ఏవి పెట్టకూడదో, వాసన వస్తే ఏం చేయాలో రాస్తాను. పైన ఎర్ర సిరాతో పుర్రె బొమ్మ. నాకు బొమ్మలు వేయడం రాదు. అది పుర్రెలా కాకుండా బూడిద గుమ్మడికాయలా వస్తోందని పిల్లలు నవ్వుతారు. అయినా వేస్తాను.

మొన్నామధ్య రామ్మోహనరావు గారు ఫిక్సర్ కోసం వచ్చారు. ఫొటో వెలుగుకి పాడవకుండా నిలబెట్టే మందు అది, పెద్ద ప్రమాదమైనది కూడా కాదు. నేను కూర్చుని చీటీ రాసి, అంటించి, బొమ్మ వేస్తుంటే ఆయన వాచీ చూసుకుంటూ విసుక్కున్నారు.

"ఇదంతా దేనికి మేడమ్? నాకు తెలుసు కదా."

"మీ కోసం రాయట్లేదండీ" అన్నాను. "మీ ఇంట్లో బీరువా తీసేవాళ్ళ కోసం."

జిగురు ఆరేదాకా ఆయన్ని కూర్చోబెట్టి, అప్పుడు ఇచ్చాను.